రోటరీ పాలిషర్ నేర్చుకోవాలంటే ముందు ఒక పాత బానెట్ వెతుక్కోండి

కారు పెయింట్‌కి పాలిష్ పెట్టే రోటరీ మెషిన్ అనగానే చాలామంది చేతులెత్తేస్తారు, పెయింట్ కాలిపోతుంది, డీఏ (డ్యూయల్ యాక్షన్ పాలిషర్) కొనుక్కో చాలు అంటారు. సగం నిజమే. డీఏ గుండ్రంగా తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కూడా, కాస్త గట్టిగా నొక్కితే తిరగడమే మానేస్తుంది, అందుకే కొత్తవాళ్లకి భయం లేదు. రోటరీ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది, నొక్కినా ఆగదు, ఆ రాపిడంతా వేడై పెయింట్‌లోకే దిగుతుంది. అయినా ఊళ్లో ఏ డెంటింగ్ పెయింటింగ్ షెడ్‌కి వెళ్లినా గోడకి వేలాడేది రోటరీయే, ఎందుకంటే వాటర్ పేపర్ కొట్టిన మార్కులు, గట్టి క్లియర్ (రంగు పైన వేసే పారదర్శక పొర) మీద గీతలు ఇది తీసినంత తొందరగా మామూలు డీఏ తీయలేదు. ఎక్కడైనా కాలిన ప్యానెల్ కనిపిస్తే కారణం దాదాపుగా రెండిట్లో ఒకటి, మెషిన్ ఒకే చోట నిలబడిపోయింది, లేదా అంచు మీదకి ఎక్కింది. ఈ రెండూ జరగకుండా చెయ్యి తిరగడమే అసలు పని, మిగతాదంతా ఏ కాంపౌండ్ (గీతలు కోసే పాలిష్ పేస్టు) ఏ ప్యాడ్ అనే షాపింగ్ గోల.

ముందు మన దగ్గర ఎంత మందం ఉందో తెలియాలి. ప్రైమర్, రంగు, పైన క్లియర్ అన్నీ కలిపి కంపెనీ పెయింట్ చాలా కార్లకి 100 నుంచి 150 మైక్రాన్లు, అందులో క్లియర్ ఒక 35 నుంచి 50. జిరాక్స్ పేపర్ ఒక షీటు సుమారు 100 మైక్రాన్లుంటుంది, అందులో సగం మందం మీద మీరు మెషిన్ పెడుతున్నారన్నమాట. పైగా ఎండని తట్టుకునేది ఆ క్లియరే, దాన్ని అతిగా కోసేస్తే ఇవాళ అద్దంలా ఉంటుంది, కొన్నేళ్లకి రూఫ్ మీద తెల్లగా పొక్కి పెచ్చులు లేస్తుంది. గోరుతో అడ్డంగా గీసి చూడండి, గోరు తట్టుకుందంటే ఆ గీత పాలిష్‌కి పోదు, దాని అంచులు మెత్తబడి కంటికి తక్కువ కనిపిస్తే చాలని వదిలెయ్యాలి. వంద శాతం గీతలు తీసేయాలనే పట్టుదల ఈ పనిలో మంచిది కాదు.

పెయింట్ గేజ్ (పెయింట్ మందం కొలిచే పరికరం) దొరికితే ప్యానెల్‌కి నాలుగైదు చోట్ల పెట్టి చూడండి. అన్నిచోట్లా 110, 120 చూపించి ఒక్క డోర్ మీద 280 చూపిస్తే ఆ డోర్‌కి మళ్లీ పెయింట్ పడింది. మందం బాగా ఉంది కదా అని అక్కడ రెచ్చిపోకండి, ఆ ఎక్కువంతా కింద పుట్టీ కావచ్చు, పైన క్లియర్ పల్చగానే ఉండొచ్చు. ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు గేజ్ పనిచెయ్యదు, కింద లోహం ఉండాలి దానికి.

మెషిన్ విషయానికొస్తే, 180 మిల్లీమీటర్ల సైజు, స్పీడ్ 600 దగ్గర నుంచి 3000 ఆర్‌పీఎం దాకా మార్చుకునే వీలు, ఆన్ చెయ్యగానే కుదుపు లేకుండా మెల్లగా అందుకునే సాఫ్ట్ స్టార్ట్, ఈ మూడూ ఉంటే చాలు. బాష్, మకీటా లాంటివి ఏళ్ల తరబడి వస్తాయి, నేర్చుకోడానికి తక్కువ రేటుదైనా పర్లేదు, కాకపోతే తక్కువ స్పీడ్‌లో ఆగి ఆగి తిరిగేది మాత్రం వద్దు. ఇంకోటి, ఇంట్లో 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్ ఉంది కదా దానికే పాలిష్ ప్యాడ్ బిగిస్తే అయిపోద్ది కదా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అది 11,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుందండి. లెక్క వేసుకోండి, 180 మిల్లీమీటర్ల ప్యాడ్ 1500 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే దాని అంచు గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పెయింట్ మీద పరిగెడుతుంది, గ్రైండర్‌కి చిన్న 4 అంగుళాల ప్యాడ్ పెట్టినా 200 దాటుతుంది. ఆ స్పీడ్‌లో కాంపౌండ్ పెయింట్ మీద నిలవదు, ఎగిరి మీ మొహం మీద పడుతుంది, ఈలోపు పెయింట్ కాలిపోతుంది.

ప్యాడ్లలో ఊలుది బాగా కోస్తుంది, విచిత్రం ఏంటంటే ఫోమ్ కంటే చల్లగా కూడా ఉంటుంది, కానీ వెనకాల దాని గుర్తులు వదిలేస్తుంది. ఫోమ్‌లో గట్టిది కటింగ్‌కి, మధ్యరకం పాలిష్‌కి, మెత్తది ఫినిషింగ్‌కి. రంగుని బట్టి కొనకండి, ఒక కంపెనీ ఆరెంజ్ ఇంకో కంపెనీకి వేరే రకం, చేత్తో నొక్కి చూసుకోండి. ఒక్కో రకం కనీసం రెండు మూడు ఉండాలి, ఒకే ప్యాడ్‌తో కారంతా చేస్తే సగం నుంచి మీరు రుద్దేది కాంపౌండ్‌తో కాదు, అప్పటిదాకా ఊడిన పెయింట్ పొడితో.

ఇక బానెట్. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట, లేకపోతే దగ్గర్లో ఏ తుక్కు షాపులోనైనా సొట్టపడిన బానెట్ అడగండి, ముదురు రంగుది దొరికితే ఇంకా మంచిది, తప్పు చేస్తే అందులో వెంటనే కనిపిస్తుంది. రెండు పాత టైర్ల మీద కదలకుండా పెట్టుకోండి. ఊలు కాకుండా మధ్యరకం ఫోమ్ వేసి, నీళ్లు కొద్దిగా స్ప్రే చేసి, 800, 900 ఆర్‌పీఎంలో ఊరికే తిప్పుతూ మెషిన్ ఎటు లాగుతుందో గమనించండి. మామూలు రోటరీలు పైనుంచి చూస్తే గడియారం ముల్లు వైపే తిరుగుతాయి, చాలావాటికి మెషిన్ తల మీద బాణం గుర్తు కూడా ఉంటుంది చూడండి. ప్యాడ్ ముందు అంచు ఎక్కువ ఆనితే మెషిన్ ఎడమకి పోతుంది, మీ వైపు అంచు ఆనితే కుడికి పోతుంది, సమంగా ఆనితే ఉన్నచోటే తిరుగుతుంది. దీంతో కుస్తీ పట్టకూడదు. ఎడమకి వెళ్లాలంటే ముందు అంచుని ఇంత ఆనించండి, తనే వెళ్తుంది, మీరు దారి చూపించాలి అంతే. ఇది అర్థమైన రోజు భుజం నొప్పి పోతుంది. అలా ఒక చేత్తో హ్యాండిల్ ఇంకో చేత్తో మెషిన్ వెనక భాగం పట్టుకుని, వైర్ కుడి భుజం మీదగా వెనక్కి వేసుకుని, అడ్డంగా నిలువుగా గీతలు గీసినట్టు తిప్పడం అలవాటయ్యేదాకా కాంపౌండ్ సీసా మూత కూడా తియ్యకండి.

తర్వాత అదే బానెట్ మీద ఒక పని కావాలనే చెయ్యండి, ఎవరూ చెయ్యమని చెప్పరు కానీ చాలా ఉపయోగం. ఒక మూల కాంపౌండ్ వేసి అంచు మీద తిరిగే మెషిన్‌ని కదపకుండా పెయింట్ పోయేదాకా ఉంచండి. ముందు కాంపౌండ్ ఎండి చారలు కడుతుంది, తర్వాత మెరుపు తగ్గి మసకగా అవుతుంది, ఒకలాంటి కాలిన వాసన, ఆ వెంటనే ప్యాడ్ మీద రంగు, కింద ప్రైమర్. ఎంతసేపట్లో ఎలా మారిందో కళ్లారా చూస్తే అసలు కారు మీద ఆ మొదటి మసక దగ్గరే చెయ్యి దానంతటదే లేస్తుంది.

అసలు కారుకి వచ్చేసరికి సగం టైం మెషిన్ పట్టుకోకముందే పోవాలి. అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే ఒకే బకెట్, ఒకే గుడ్డతో నాలుగైదు కార్లు తుడిచేస్తారు కదా, ఎండలో బానెట్ మీద కనిపించే సాలెగూడు గీతలకి ముఖ్య కారణం అదే, దుమ్ము కూడా కలిపి రుద్దేస్తారు. ఇప్పుడు ఆ దుమ్మే పెయింట్ మీద ఉంచి మీరు మెషిన్ పెడితే అదే పని ఇంకా స్పీడ్‌గా చేసినట్టు. షాంపూతో కడిగి, క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద) పెట్టి, అరచెయ్యి ఆనిస్తే ఎక్కడా గరుకు తగలకూడదు. బోరు నీళ్లతో కడిగే ఊళ్లలో తెల్ల మచ్చలు ఉంటాయి, వాటిని ముందు వాటర్ స్పాట్ రిమూవర్‌తో ప్రయత్నించండి, పైపైనవి మెషిన్ లేకుండానే పోతాయి. కడిగాక కారు పూర్తిగా ఆరాలి, బీడింగ్‌లోంచి కారే ఒక్క చుక్క కాంపౌండ్‌ని పాడు చేస్తుంది.

తర్వాత మాస్కింగ్ టేప్. నల్ల ప్లాస్టిక్, రబ్బరు బీడింగ్, లోగో, వాషర్ నాజిల్, హెడ్‌లైట్ అంచులు, ఇంకా ప్యానెల్‌కి మధ్యలో మడత పడినట్టుండే బాడీ లైన్లు, ఇవన్నీ మూసేయండి. మడతల మీద, అంచుల మీద క్లియర్ పల్చగా ఉంటుంది, పైగా ప్యాడ్ ఒత్తిడంతా ఆ సన్నటి గీత మీదే పడుతుంది. టేప్ కిందదాన్ని చివర్లో చేత్తో చేసుకోవచ్చు. కారు నీడలో ఉండాలి, ఏప్రిల్ మే నెలల్లో అయితే పొద్దున్నే మొదలుపెట్టి పది లోపు ఆపేయడం మంచిది, అప్పటికే వేడెక్కిన బానెట్ మీద కాంపౌండ్ పడీ పడగానే ఎండిపోతుంది.

మొత్తం కారుకి ఏది పనిచేస్తుందో ముందు ఒక చిన్న చోట చూసుకోండి, అడుగున్నర చదరం చాలు. ఎప్పుడూ మెత్తటి ప్యాడ్, తేలిక పాలిష్‌తో మొదలుపెట్టండి, గీతలు పోకపోతే అప్పుడు ఒక మెట్టు పైకి. నేరుగా ఊలు ప్యాడ్‌తో దిగేవాళ్లు అవసరం లేని క్లియర్ కోసేస్తారు.

కాంపౌండ్ శనగగింజంత నాలుగైదు చుక్కలు, కొత్త ప్యాడ్ అయితే ముందు కొంచెం వేలితో ప్యాడంతా పూయండి. ప్యాడ్‌ని పెయింట్ మీద ఆనించాకే స్విచ్ నొక్కాలి, గాల్లో తిప్పి దించితే గోడ మీద, మీ చొక్కా మీద, పక్కింటి కారు మీద చుక్కలే. 600, 700లో రెండడుగుల చదరంలో పరిచేయండి. తర్వాత 1200కి తెండి, కటింగ్ అయితే 1500 దాకా, కొత్తలో అంతకు మించి అక్కర్లేదు. మెషిన్ బరువే రెండు మూడు కిలోలు ఉంటుంది, బానెట్, రూఫ్ లాంటి చోట మీరు విడిగా నొక్కే పని లేదు. ఒక లైను వెళ్లాక తర్వాతి లైను దాంట్లో సగం మీద పడేలా, సెకనుకి అంగుళం రెండంగుళాలు కదులుతూ, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి. రెండు మూడు సార్లు తిరిగాక కాంపౌండ్ పల్చటి నూనె పొరలా పారదర్శకంగా అవుతుంది, అక్కడ ఆపాలి, పొడిపొడిగా అయ్యేదాకా లాగితే కొత్త గీతలు మీరే పెడతారు. ప్రతి రౌండుకీ చేతి వెనక వైపుతో తాకి చూడండి, గోరువెచ్చగా ఉంటే ఓకే, చెయ్యి ఉంచలేకపోతే ఆ ప్యానెల్ వదిలి వేరేదానికి వెళ్లండి, తడిగుడ్డ వేసి చల్లార్చొద్దు.

అంచుల దగ్గర రూల్ ఒక్కటే, ప్యాడ్ తిరుగుడు లోహం మీద నుంచి బయటికి పోవాలి, బయటి నుంచి అంచు మీదకి రాకూడదు. బయటి నుంచి వచ్చేలా పెడితే ప్యాడ్ అంచుని కొరుకుతుంది, పెయింట్ లేచిపోతుంది, వైపర్, నంబర్ ప్లేట్ లాంటివి ఉంటే పట్టుకుని లాగేస్తుంది, మెషిన్ చేతిలోంచి ఎగురుతుంది. డోర్ హ్యాండిల్ కింద, అద్దాల పక్కన, పిల్లర్ల మీద పెద్ద ప్యాడ్ తిప్పే తిప్పలు పడకండి, ప్యాడ్ బిగించే 3 అంగుళాల ప్లేటు, దానికి సరిపోయే ప్యాడ్ విడిగా దొరుకుతాయి. బంపర్ల దగ్గర స్పీడ్ 900కి దించి చెయ్యి ఇంకా తొందరగా కదపండి, ఇనుప రేకు వేడిని పక్కకి పంచేస్తుంది, ప్లాస్టిక్ పంచదు, పుట్టిన వేడంతా అక్కడే ఉండిపోతుంది, అందుకే ముందు కాలేది ఎప్పుడూ బంపరే.

ప్రతి రెండు మూడు భాగాలకీ ప్యాడ్‌ని బ్రష్‌తో దులపండి. పాత సాలిడ్ కలర్ కార్లలో కొన్నిటికి అసలు క్లియర్ ఉండదు, అలాంటప్పుడు ప్యాడ్‌కి రంగు అంటుతుంది, కంగారు పడకండి, ముందే ఒక మూల చేత్తో రుద్ది గుడ్డకి రంగు వస్తుందో లేదో చూసుకుంటే సరిపోతుంది. మెటాలిక్ కారుకి ప్యాడ్ మీద రంగు కనిపిస్తే మాత్రం అక్కడికక్కడే ఆపేయాలి, క్లియర్ అయిపోయింది.

అయిందనుకున్నాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి మైక్రోఫైబర్‌తో తుడిచి చూడండి. కొన్ని చవక కాంపౌండ్లలో నూనె, మైనం ఉంటాయి, గీతల్ని కోయకుండా నింపేస్తాయి, అప్పుడు బ్రహ్మాండంగా ఉండి నాలుగు వాష్‌లకి గీతలన్నీ తిరిగొస్తాయి, ఈ తుడుపుతో అసలు రంగు అప్పుడే బయటపడుతుంది. తర్వాత కారు ఎండలోకి తెచ్చి సూర్యుడి ప్రతిబింబం బానెట్ మీద ఎక్కడ పడుతుందో అక్కడ చూడండి. వంకర్లు తిరుగుతూ, మీరు నడిస్తే మీతోపాటే కదిలే మసక చారలు కనిపిస్తే అవే హోలోగ్రామ్‌లు, రోటరీ వదిలిన అడుగుజాడలు. షెడ్‌లో ట్యూబ్‌లైట్ కింద ఇవి కనిపించవు, కస్టమర్ ఇంటికెళ్లాక నల్ల కారు మీద కనిపిస్తాయి, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. మెత్తటి ఫోమ్, ఫినిషింగ్ పాలిష్, 900 నుంచి 1000, అసలు నొక్కకుండా మెషిన్‌ని దాదాపు చేతులతో మోస్తూ ఇంకో రౌండ్ వేస్తే చాలావరకు పోతాయి. డీఏ ఉంటే కటింగ్ రోటరీతో చేసి ఫినిషింగ్ డీఏతో చెయ్యండి, ఇందులో నామోషీ ఏమీ లేదు, బాగా చేసేవాళ్లు చాలామంది అలాగే చేస్తారు.

కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి, ఫుల్ చేతుల చొక్కా అయితే బటన్లు పెట్టుకోండి, మెడలో గొలుసు, ఐడీ కార్డు తాడు, చున్నీ ఏదున్నా తీసేయండి, ప్యాడ్‌కి చుట్టుకుంటే స్విచ్ ఆపేలోపే మొహం దగ్గరికి వచ్చేస్తుంది. మెషిన్ కింద పెట్టేటప్పుడు ప్యాడ్ పైకి ఉండాలి, నేల మీద పడిన ప్యాడ్‌లో ఒక్క ఇసుక రేణువు చాలు. అదే రోజు ప్యాడ్లని గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా డిష్‌వాష్ లిక్విడ్ వేసి చేత్తో పిసికి ఉతకండి, కాంపౌండ్ ఎండి గట్టిపడితే ఇక వదలదు. మెలిపెట్టి పిండకండి, వెల్క్రో దగ్గర ఫోమ్ ఊడొస్తుంది. ఫోమ్‌ని నీడలో బోర్లా ఆరబెట్టి, ఊలుది అయితే ఇంకొకసారి దువ్వి, కటింగ్‌వి ఒక కవర్‌లో ఫినిషింగ్‌వి ఇంకో కవర్‌లో వేసి పేరు రాసి పెట్టుకోండి.