వానలు మొదలయ్యాయి, బోదకాలున్నవాళ్లు వేళ్ల సందులు చూసుకోండి

మొన్న రాత్రి మా వీధిలో పెద్దమ్మని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. వణికించే చలిజ్వరం, గజ్జల్లో బిళ్ల, కాలు ఎర్రగా పెనంలా కాలిపోతోంది. అంతకుముందు రోజంతా ఇంట్లోవాళ్లు "అమావాస్య దగ్గరికొచ్చింది కదా, బోదజ్వరం, అదే పోతుందిలే" అంటూ వేన్నీళ్ల కాపడం పెడుతూ కూర్చున్నారు. నర్సు మాత్రం ముందుగా ఆమె చిటికెనవేలు పక్కకి జరిపి చూసింది. లోపల నాని తెల్లబడి, చిట్లి, వాసనొస్తోంది.

అమావాస్య కాదండీ, వేళ్ల సందులు.

దోమ కుట్టి బోదకాలు పురుగులు ఒంట్లో చేరడం ఎప్పుడో అయిపోయిన సంగతి. ఎదిగిన పురుగులు ఒంట్లో అయిదు నుంచి ఎనిమిదేళ్ల దాకా బతికి చచ్చిపోతాయి, అప్పటికే లింఫు నాళాలు, అంటే ఒంట్లో ఊరే నీటిని లాగేసే సన్నటి గొట్టాలు, పాడైపోయి ఉంటాయి. ఆ తర్వాత ఏటేటా కాలు లావెక్కేది ఎక్కువగా వేళ్ల సందుల్లోని చీలికల్లోంచి లోపలికి పోయే బ్యాక్టీరియా వల్ల, జ్వరం వచ్చి పోయిన ప్రతిసారీ వాపు ఇంకాస్త మిగిలిపోతుంది. మా అమ్మ కాలు ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను కాబట్టి చెబుతున్నా.

రోజుకి రెండుసార్లు మామూలు సబ్బు, మామూలు నీళ్లతో కడగాలి. ఇది అందరూ చేస్తారు. తడి ఆరబెట్టరు, అక్కడే చెడుతుంది. మెత్తటి నూలు గుడ్డతో ఒక్కో సందులో అద్దాలి, రుద్దకూడదు. కాలు బాగా లావెక్కినవాళ్లకి వంగినా వేళ్లు అందవు, పైగా సిగ్గుతో చీర కిందకి లాగి దాచేస్తారు. అందుకని కొడుకో కోడలో టార్చి వేసి చూడాలి. చీలిక, తెల్లదనం కనబడితే డాక్టరు రాసిచ్చిన ఆయింట్‌మెంట్ రాయాలి, జ్వరం వచ్చేదాకా ఆగొద్దు.

జ్వరం వచ్చేసిందా, కాపడం వద్దు. మర్దన వద్దు. పసరు కట్టొద్దు, గాట్లు పెట్టించొద్దు. వ్యాయామం ఆపేయండి. చల్లటి తడిగుడ్డ వేసి, కాలు ఎత్తులో పెట్టి పడుకోబెట్టి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, యాంటీబయాటిక్ కావాలి. బోదకాలు మాత్రలు జ్వరంలో సొంతంగా మింగొద్దు. ఊరంతా మాత్రలు పంచే రోజు మాత్రం కాలు బాగున్నవాళ్లు కూడా మింగాలి, ఏ వాపూ లేనివాళ్ల రక్తంలో కూడా పిల్ల పురుగులు రాత్రిపూట తిరుగుతూ ఉండొచ్చు, దోమ అక్కడినుంచే మోసుకెళుతుంది. గర్భిణులకి, రెండేళ్లలోపు పిల్లలకి ఇవ్వరు. ఖాళీ కడుపున వద్దు. ఆశా కార్యకర్త ఎదుటే మింగండి, జేబులో వేసుకోవద్దు. తడి చెప్పులు వద్దు. గోళ్లు లోతుగా కత్తిరించొద్దు. మళ్లీ చెబుతున్నా, వేళ్ల సందులు.

ఊడ్పులకి వెళ్లక తప్పదనుకోండి, ఇంటికి రాగానే అన్నం కంటే ముందు కాళ్లు. మా అమ్మ సబ్బుపెట్టె, పాత పంచె ముక్క పెరట్లో గోలెం పక్కన మేకుకే వేలాడుతుంటాయి. ఆ ముక్కతో ఇంకేం తుడిచినా ఊరుకోదు.