కోరాపుట్ కొండల్లో సినిమా షూటింగు చూడబోయే వారికి

ఒడిశా సరిహద్దులోని కోరాపుట్, మల్కనగిరి జిల్లాలకు తెలుగు చిత్ర యూనిట్లు రావడం ఈ మధ్య బాగా తెలిసిన విషయమే. ‘పుష్ప 2’లో కొంత భాగాన్ని మల్కనగిరిలో తీశారు. 2025 మార్చిలో దర్శకుడు రాజమౌళి మహేశ్ బాబు, ప్రియాంక చోప్రా, పృథ్వీరాజ్ సుకుమారన్‌లతో వచ్చి సిమిలిగుడ దగ్గరి తలమాలి కొండ మీద చిత్రీకరణ జరిపినప్పుడు జయపురం, సునాబెడ, రాయగడలలోని మన తెలుగు ఇళ్లలో వేరే మాట వినిపించలేదంటే అతిశయోక్తి కాదు. మరో యూనిట్ వచ్చినప్పుడు బయలుదేరాలనుకునేవారు ముందే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పెద్ద హీరో సెట్‌లోకి అభిమానులను సాధారణంగా రానివ్వరు. అందువల్ల హీరో కనిపించకపోయినా ఆ రోజు వృథా కాని విధంగా ప్రయాణాన్ని అమర్చుకోవడమే తెలివైన పని.

విజయనగరం వైపు నుంచి వచ్చేవారికి సాలూరు, సుంకి ఘాట్, పొట్టంగి మీదుగా సిమిలిగుడ చేరే 26వ నంబరు జాతీయ రహదారి సులువైనది. జనరేటర్ వ్యాన్లు, లైట్ల లారీలు, కారవాన్లు కూడా సాధారణంగా ఈ దారినే ఎక్కుతాయి గనుక షూటింగు ఎక్కడ జరుగుతోందో సామాజిక మాధ్యమాల కన్నా ఘాట్ రోడ్డు మీది టీ కొట్లలో ఆగే డ్రైవర్లకే ముందు తెలుస్తుంది. రైలులో వచ్చేవారికి ఒక హెచ్చరిక. విశాఖపట్నం–కిరండోల్ మార్గంలో శిమిలిగూడ అనే స్టేషను ఉంది. సముద్ర మట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న ఆ స్టేషను ఆంధ్రప్రదేశ్‌లో, అరకు దారిలో వస్తుంది. ఒడిశాలోని సిమిలిగుడ పట్టణానికీ దానికీ సంబంధం లేదు. పేరు చూసి అక్కడ దిగిపోతే మళ్లీ మరో బండి కోసం ఎదురు చూడవలసిందే. మీరు కోరాపుట్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులోనో జీపులోనో సిమిలిగుడకు రావాలి. రాయగడ వైపు వారికి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది, అది కోరాపుట్ వరకు సొరంగాల గుండా సాగే అందమైన దారి. యూనిట్ దిగిన రోజుల్లో సిమిలిగుడ, సునాబెడలలో లాడ్జి గదులు దొరకడం కష్టం కావచ్చు కనుక కోరాపుట్‌లోనో జయపురంలోనో బస చూసుకోవడం మేలు.

సెట్ దగ్గరికి వెళ్లాక మొదట కనిపించేవారు పోలీసులు, బౌన్సర్లు. వారితో వాదించి సాధించేదేమీ లేదు, అనుమతి ఇచ్చే అధికారం కూడా వారికి ఉండదు. ప్రొడక్షన్ మేనేజరు ఎవరో తెలుసుకుని, భోజన విరామంలో మర్యాదగా అడిగితే, చిన్న చిత్రాల విషయంలోనైనా దూరంగా నిలబడి చూడటానికి ఒప్పుకునే అవకాశం ఉంది. పెద్ద చిత్రాల విషయంలో అంత ఆశ పెట్టుకోకండి. 2025లో కోరాపుట్ షూటింగు దృశ్యం ఒకటి బయటికి పొక్కి సామాజిక మాధ్యమాల్లో తిరిగాక అక్కడి భద్రతను మరింత కట్టుదిట్టం చేశారు. ఫోను తీసి వీడియో తీసేవారి వల్ల మిగతా వారందరినీ గెంటివేస్తారన్న సంగతి గుర్తుంచుకుని, ఫోనును సైలెంట్‌లో పెట్టి జేబులోనే ఉంచండి. డ్రోను ఎగరవేయాలన్న ఆలోచన అసలే వద్దు.

అనుమతి దొరికితే ఎక్కడ నిలబడాలన్నది ముఖ్యం. నటుడు సంభాషణ చెబుతూ చూసే దిక్కున ఎన్నడూ నిలబడకూడదు, ఎదురుగా మనిషి కదిలితే చూపు చెదిరి ఆ టేకు పోతుంది. కెమెరా వెనుక పక్కగా, లైట్‌మెన్లు తిరిగే దారికి అడ్డం రాకుండా, నేల మీది కేబుళ్లు తొక్కకుండా నిలబడటం మంచిది. ‘సైలెన్స్’ అని కేక వినిపించిన క్షణం నుంచి ‘కట్’ వరకు దగ్గు కూడా ఆపుకోవాలి, ముఖ్యంగా సంభాషణలను అక్కడికక్కడే రికార్డు చేసే చిత్రమైతే.

తొలిసారి చూసేవారిని ఎక్కువగా నిరాశపరిచేది ఎదురుచూపు. ఒక సన్నివేశాన్ని దూరం నుంచి ఒకసారి మొత్తంగా తీసి, ఆ తర్వాత ఒక్కొక్క నటుడి మీద దగ్గరగా మళ్లీ మళ్లీ తీస్తారు. కెమెరా కదిలిన ప్రతిసారీ లైట్లు, రిఫ్లెక్టర్లు సర్దుకోవాలి. ఎండ ఉండగా మొదలుపెట్టిన షాట్ మీదికి మబ్బు వస్తే, వెలుగు కలవదని అది తొలగేదాకా ఆగుతారు, ఈ కొండల మీద మబ్బుకు మాత్రం ఎవరి కాల్షీటుతోనూ పని లేదు! అయితే చూడటం తెలిసిన వారికి ఈ ఎదురుచూపు కూడా పాఠమే. క్లాప్ బోర్డు మీద సీను, షాటు, టేకు అంకెలు ఉంటాయి. టేకు అంకె ఒక్కటే పెరుగుతుంటే అదే షాటును మళ్లీ తీస్తున్నారని, షాటు అంకె మారితే కెమెరా చోటో లెన్సో మారిందని గ్రహించవచ్చు. ఎవరి ముఖమూ కనిపించనంత దూరంలో ఉన్నా, ఈ అంకెలు చెవిన పడితే పని ఎంతవరకు సాగిందో అర్థమవుతుంది. హీరో ముఖం కోసం మెడలు చాచేవారి కన్నా ఇలా చూసేవారికే ఎక్కువ దక్కుతుందని నా అభిప్రాయం.

నన్నడిగితే, షెడ్యూలు ముగిసి ప్యాకప్ అయిన తర్వాత వెళ్లడమే అన్నిటికన్నా హాయి. సెట్లను విప్పి తీసుకుపోతారు గనుక తెర మీది కోటలూ గుడులూ అక్కడ ఉండవు, కొండ గీత, లోయ, వెలుగు మాత్రం అలాగే ఉంటాయి. ట్రైలరులోనో పోస్టరులోనో కనిపించిన కొండను గుర్తించాలంటే అదే వేళకు వెళ్లాలి, ఉదయం తీసిన దృశ్యాన్ని మధ్యాహ్నపు నీడల్లో పోల్చుకోలేము. లాంగ్ లెన్సుతో తీస్తే దూరపు శిఖరాలు పక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి కాబట్టి, కొండ చిన్నదిగా ఉందని చోటు తప్పనుకోవద్దు, కొంచెం వెనక్కి నడిచి చూడండి.

అక్కడిదాకా వెళ్లినవారు దేవమాలి ఎక్కకుండా తిరిగి రావడం తగదు. 1,672 మీటర్ల ఎత్తుతో ఒడిశాలో అత్యున్నత శిఖరమది, వాహనం దాదాపు పైదాకా వెళ్తుంది. 2025 షూటింగు రోజుల్లోనే రాజమౌళి కాలినడకన ఒంటరిగా దాన్ని ఎక్కి, దారి పొడవునా పడి ఉన్న చెత్తను చూసి బాధపడుతూ, తెచ్చినది తిరిగి తీసుకుపొమ్మని బహిరంగంగా కోరారు. ఆ చెత్తలో మన అభిమానుల వాటా కూడా ఉంటుంది. నీళ్ల సీసాలు, బిస్కెట్ కవర్లు వేసుకోవడానికి ఒక సంచి వెంట ఉంచుకోండి.

ఈ గ్రామాల్లో పరజా, గదబ, కోంధ్ ప్రజలు నివసిస్తారు. మీకు లొకేషనుగా కనిపించే వాలు ఒకరి రాగి చేను కావచ్చు, అందులోకి బైకు దించకండి. ఆడవారినీ పిల్లలనూ అడగకుండా ఫొటోలు తీయకండి. సిమిలిగుడ బజారులో తెలుగు నడుస్తుంది, ఊళ్లలో మాత్రం దేశియా మాట్లాడతారు కనుక స్థానిక జీపు డ్రైవరును వెంట తీసుకువెళ్లడం అన్ని విధాలా సుఖం.

వర్షాకాలంలో ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడే ప్రమాదం ఉంది. నవంబరు నుంచి మార్చి వరకు అనుకూలమైన కాలం, కానీ డిసెంబరు, జనవరి రాత్రుల చలికి స్వెట్టరు తప్పనిసరి. ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి, కొండ మీద సిగ్నలు నమ్ముకోకుండా దారి పటాన్ని ముందే ఫోనులో దింపుకోండి. మల్కనగిరి వెళ్లాలనుకునేవారు జయపురం నుంచి తెల్లవారకముందే బయలుదేరి, చీకటి పడకుండా తిరిగి వచ్చేలా చూసుకోవాలి. సాలూరు వైపు దిగేవారికి కూడా అదే మాట, సాయంత్రం సుంకి ఘాట్‌లో పొగమంచు దిగితే ముందున్న లారీ వెనుక దీపాలు తప్ప మరేదీ కనిపించదు.