పాఠం 4: యాంటీబాడీ రిపోర్టులో ఎస్, ఎన్

మూడో పాఠం చివరి లెక్క దగ్గర చాలామంది బోర్లాపడ్డారు. ఒకరు కోవిడ్ టీకా కోవిషీల్డ్ రెండు డోసులు వేయించుకున్నారు. రక్తపరీక్షలో యాంటీ-ఎస్ పాజిటివ్, యాంటీ-ఎన్ నెగెటివ్. దీని అర్థమేమిటి? దానికి వచ్చిన జవాబు: "టీకా సగమే పనిచేసింది." ఈసారి మొదలుపెట్టాల్సిన టీ కణాలను ఐదో పాఠానికి జరుపుతున్నాను. ముందు ఇది తేలాలి.

ఎస్ అంటే స్పైక్, వైరస్ పైన కనబడే ముల్లు. ఎన్ అంటే న్యూక్లియోక్యాప్సిడ్, లోపల వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను అంటిపెట్టుకుని ఉండే ప్రొటీన్. వీటిని పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసే ప్రొటీన్లే యాంటీబాడీలు: యాంటీ-ఎస్, యాంటీ-ఎన్. కోవిషీల్డ్‌లోని చింపాంజీ అడినోవైరస్ మోసుకొచ్చేది ఎస్ జన్యువును మాత్రమే. ఎన్ ముఖమే ఎరగని ఒంట్లో ఎన్‌కి యాంటీబాడీ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ నెగెటివ్ టీకా లోపం కాదు. అదే మనిషికి ఎన్ పాజిటివ్ వస్తే మాత్రం అసలు వైరస్ సోకిందనుకోవాలి. కోర్బెవ్యాక్స్ అనే ఇంకో టీకాలో ఉండేది స్పైక్‌లో ఒక ముక్కే, దాన్నీ ఇలాగే చదవండి.

కోవాగ్జిన్‌తో లెక్క తిరగబడుతుంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చేసిన ఈ టీకాలో ఉన్నది చంపిన పూర్తి వైరస్. ఎస్, ఎన్ రెండూ ఒంటికి పరిచయమవుతాయి. కాబట్టి ఎన్ పాజిటివ్ ఒక్కటే చూసి "సోకింది" అనకూడదు. ఏ టీకా, ఏ తేదీన అన్నది తెలియని రిపోర్టును నేనైతే పక్కన పెట్టేస్తాను.

ఇక ఎన్ నెగెటివ్ వస్తే ఎప్పుడూ సోకలేదని కూడా కాదు. టీకా తర్వాత సోకినవాళ్లలో కొందరికి ఎన్ యాంటీబాడీలు అసలు కనబడవు.

మొదటిసారి సోకినప్పుడు యాంటీబాడీలు సాధారణంగా రెండో వారంలో బయటపడతాయి. నాలుగో రోజు రక్తమిచ్చి నెగెటివ్ అని దిగులుపడటం దండగ. అప్పటికి పోరాడుతున్నవి ఇంటర్‌ఫెరాన్లు, అంటే వైరస్ చొరబడగానే కణాలు విడుదల చేసే హెచ్చరిక ప్రొటీన్లు. వైరస్ తన ఎన్‌ఎస్‌పీ1 ప్రొటీన్‌తో కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములను అడ్డగించి ఇంటర్‌ఫెరాన్లనూ ఆలస్యం చేస్తుంది. యాంటీబాడీల్లో ఐజీఎం, ఐజీజీ అని రకాలున్నాయి. ఐజీఎం ముందు, ఐజీజీ వెనక అన్న పుస్తకాల వరసను కోవిడ్‌లో నమ్ముకోవద్దు. రెండూ దాదాపు ఒకేసారి వస్తాయి, ఒక్కోసారి ఐజీజీయే ముందుంటుంది.

అన్నిటికంటే విసుగు తెప్పించేది అంకె. "1000 ఉండేది 142కి పడిపోయింది, రోగనిరోధక శక్తి పోయిందా?" అంకె పక్కనున్న యూనిట్ చూడండి. మొదటిది ఏయూ, అంటే కిట్టు కంపెనీ సొంత కొలత. రెండోది బీఏయూ, అంటే డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాణానికి సరిచేసిన కొలత. అబాట్ వారి ఎస్ ఐజీజీ పరీక్షలో ఏయూను 0.142తో గుణిస్తే బీఏయూ వస్తుంది. 1000 ఏయూ అన్నా 142 బీఏయూ అన్నా ఒకటే, పడిపోయిందేమీ లేదు. కిట్టు మారితే బీఏయూలు కూడా అచ్చంగా కలవవు. పోల్చాలంటే అదే ల్యాబు, అదే కిట్టు.

నిజంగా తగ్గినా కంగారొద్దు. తొలి విడతలో యాంటీబాడీలు తయారుచేసిన కణాల్లో ఎక్కువభాగం కొన్ని వారాల్లో చనిపోతాయి. రక్తంలో ఉన్న ఐజీజీ సుమారు 21 రోజులకు సగమవుతుంది. ఎముక మజ్జలో మిగిలిన కణాలు యాంటీబాడీలను కొద్దికొద్దిగా పోస్తూనే ఉంటాయి. వైరస్ మళ్లీ వస్తే గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేసే జ్ఞాపక బీ కణాలను ఈ పరీక్ష చూడనే చూడదు.

అభ్యాసం: వయసు 62. కోవాగ్జిన్ 2021 మార్చి 5న, ఏప్రిల్ 3న. డిసెంబర్‌లో ఎన్ నెగెటివ్. 2022 జనవరి 12న ప్రికాషన్ డోసు (మూడో డోసు), అదే టీకా. జనవరి 20న జ్వరం, ఆర్‌టీ-పీసీఆర్ చేయించలేదు. ఫిబ్రవరిలో అదే కిట్టుతో ఎన్ పాజిటివ్. సోకిందని చెప్పగలరా? ప్రికాషన్ డోసు కోవిషీల్డ్ అయ్యుంటే మీ జవాబు మారేదా? కారణం రాయకుండా అవును, కాదు అని పంపితే దిద్దను.