45 దాటాయా? అమెరికాలో ఉన్న మనవాళ్లు పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ ఎలా చేయించుకోవాలంటే

షుగరు, కొలెస్ట్రాల్ ఏటా చూపించుకునేవాళ్లు కూడా ఈ టెస్ట్ మాట ఎత్తగానే "నాకేం ప్రాబ్లం లేదు కదండీ" అంటారు. అసలు ఇది ఏ ప్రాబ్లం లేనివాళ్ల కోసమే. పెద్దపేగు లోపల పాలిప్ అని చిన్న కండలాంటిది పెరుగుతుంది, అది క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా ఓ పదేళ్లు పడుతుంది, అన్నేళ్లూ నొప్పీ ఉండదు ఏమీ ఉండదు, ఆ టైంలో కనబడితే కొలనోస్కోపీలోనే, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని మలద్వారం నుంచి పంపి పేగు లోపల చూసే టెస్టులోనే, తీసేస్తారు. ఇదివరకు 50 నుంచి మొదలుపెట్టమనేవాళ్లు, 2021లో అమెరికాలో ఇలాంటి సలహాలిచ్చే నిపుణుల బృందం, ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్, దాన్ని 45కి దించింది. మేం శాకాహారులం, మాకు రాదు అనుకోవద్దు ప్లీజ్.

మోషన్‌లో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత ఉంటే మాత్రం స్క్రీనింగ్ కోసం ఆగకుండా నేరుగా డాక్టర్ దగ్గరికెళ్లండి. అమ్మానాన్నల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చుంటే 45 దాకా ఆగక్కర్లేదు, 40కే లేదా వాళ్లకి వచ్చిన వయసుకి పదేళ్ల ముందే, ఏది ముందైతే అప్పుడు మొదలుపెట్టాలి. ఇంటికి ఫోన్ చేసి అడగండి, మన ఇళ్లల్లో "కడుపులో గడ్డ" అని చెప్పి వదిలేస్తారు, ఏ గడ్డో ఏ వయసులోనో గట్టిగా అడగాలి.

ఇక టెస్టులు. సులువైంది ఫిట్ టెస్ట్, మోషన్‌లో కంటికి కనబడని రక్తం ఉందేమో చూసేది, ప్రైమరీ కేర్ డాక్టర్ని అడిగితే కిట్ ఇస్తారు లేదా పోస్ట్‌లో పంపిస్తారు. పథ్యం ఏమీ లేదు. మోషన్ నీళ్లలో పడకుండా కిట్‌లో ఇచ్చిన పేపర్ మీద పట్టి, పుల్లతో పైపైన నాలుగైదు చోట్ల గీకి, ఆ పుల్లని ట్యూబ్‌లో పెట్టి మూత బిగించి, తేదీ రాసి వెంటనే పోస్ట్ చేయాలి. తేదీ రాయకపోతే ల్యాబ్ వాళ్లు పక్కన పడేసే ఛాన్స్ ఉంది. పీరియడ్స్‌లో ఉన్నా, మొలల నుంచి రక్తం వస్తున్నా అది తగ్గాక చేయండి. ఇది ఏటా చేయాలి, ఒకసారి నెగటివ్ వచ్చిందని వదిలేస్తే లాభం లేదు.

పాజిటివ్ వస్తే క్యాన్సర్ అని కాదు, ఎక్కువమందికి కాదు కూడా. కానీ కొలనోస్కోపీ తప్పదు, ఇంకోసారి ఫిట్ చేసి చూద్దాం అనేది మాత్రం అస్సలు వద్దు, నెలల తరబడి వాయిదా వేయడమూ వద్దు.

నేరుగా కొలనోస్కోపీ చేయించుకుంటే, అంతా బాగుంటే మళ్లీ పదేళ్ల దాకా అక్కర్లేదు. కష్టమంతా ముందురోజే. కొన్ని రోజుల ముందు నుంచే పప్పులు, ఆకుకూరలు, నువ్వులు, గింజలున్న కూరలు మానేసి తెల్లన్నం, పెరుగు, గుడ్డుతో సరిపెట్టండి. ముందురోజు అవతలివైపు కనబడేంత పలచటి ద్రవాలే, పాలు లేని టీ, యాపిల్ జ్యూస్, వడకట్టిన కూరగాయల నీళ్లు. మజ్జిగ కుదరదు, ఎర్రరంగు డ్రింకులు కూడా వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి. పేగు శుభ్రం చేసే మందు సగం రాత్రి, సగం పొద్దున్నే తాగమంటారు, రెండో సగం ఎగ్గొట్టారంటే పేగు సరిగ్గా శుభ్రపడదు, పాలిప్‌లు కనబడవు, మళ్లీ మొదటికొస్తుంది. రక్తం పలచన చేసేవి, షుగరు మందులు, ఐరన్ టాబ్లెట్లు వాడుతుంటే అపాయింట్‌మెంట్ అప్పుడే చెప్పండి, సొంతంగా ఆపేయొద్దు. మత్తిస్తారు కాబట్టి కారు నడపడానికి ఎవరో ఒకరు వెంట ఉండాలి, ఊబర్ ఎక్కి వెళ్లిపోతానంటే ఒప్పుకోరు.

డబ్బుల విషయం. ఇన్-నెట్‌వర్క్‌లో, అంటే మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్న డాక్టర్ దగ్గర, అయితే చాలా ఇన్సూరెన్సుల్లో స్క్రీనింగ్ ఫ్రీ, 2022 మే 31 తర్వాత మొదలైన ప్లాన్లలో ఫిట్ పాజిటివ్ తర్వాత చేసే కొలనోస్కోపీ కూడా అంతే. అది స్క్రీనింగ్ కింద బిల్ అవుతుందా, డయాగ్నోస్టిక్ (జబ్బు లక్షణాలుంటే చేసే టెస్ట్) కిందా అని ముందే అడిగి పెట్టుకోండి, తేడాగా బిల్ వస్తే అప్పీల్ చేయండి.

పాలిప్ తీస్తే, దాన్ని ల్యాబ్‌లో పరీక్షించి ఇచ్చే పెథాలజీ రిపోర్ట్ కాపీ తప్పకుండా తెచ్చుకోండి, మళ్లీ ఎన్నేళ్లకి రావాలో దాన్ని బట్టే చెప్తారు. పెద్ద పాలిప్ గానీ ప్రమాదకరమైన రకం గానీ అని వస్తే ఇండియాలో ఉన్న అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ ఆ రిపోర్ట్ వాట్సాప్‌లో పెట్టేయండి, అక్కడ ఇంటికి కిట్ పంపే ప్రోగ్రాం ఏమీ లేదు, వాళ్లంతట వాళ్లే గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లి చూపించుకోవాలి.