పాత సుబారు కొనేటప్పుడు ఏం చూడాలి, కొన్నాక ఏం మార్చాలి

"సుబారు అయితే కళ్ళు మూసుకుని కొనొచ్చు" అని అమెరికాలో మంచు పడే ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఈ జపాన్ కంపెనీ బండ్లని కళ్ళు బాగా తెరుచుకునే కొనాలి. ఔట్‌బ్యాక్ అన్న మోడల్ పేరు ఒకటే అయినా 2008 బండి రోగం వేరు, 2013 బండి రోగం వేరు. పైగా నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందే బండి ఇది. మామూలు కారులో చెల్లిపోయే అశ్రద్ధ ఇందులో గేర్‌బాక్స్ మీదకి వస్తుంది. ఇండియాలో మనకి ఈ బండ్లతో పరిచయం తక్కువ. ఒకప్పుడు సుబారు ఫారెస్టర్ మోడల్‌ని షెవర్లే పేరుతో అమ్మారు కానీ, రోడ్ల మీద పెద్దగా కనబడలేదు.

ముందు ఇంజన్ ఏదో తెలుసుకోండి

2.5 లీటర్ల బండ్లలో ప్రధానంగా రెండు తరాలు. పాతది ఈజే25, టైమింగ్ బెల్ట్‌తో (పిస్టన్లతో లయ కలిపి వాల్వులని ఆడించే రబ్బరు పట్టీతో) నడిచేది. ఫారెస్టర్‌లో 2010 మోడల్ దాకా, ఔట్‌బ్యాక్‌లో 2012 దాకా ఇదే. తర్వాతది ఎఫ్‌బీ25, టైమింగ్ చెయిన్‌తో వచ్చింది. ఫారెస్టర్‌కి 2011లో, ఔట్‌బ్యాక్‌కి 2013లో పెట్టారు.

ఈజే25 అనగానే అందరికీ గుర్తొచ్చేది హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ బ్లాక్‌కీ దానికి బిగించే హెడ్‌కీ మధ్య ఉండే పలుచటి సీలు. 1990ల చివరి డబుల్ క్యామ్ (ఒక్కో హెడ్‌లో వాల్వులు తెరిచే షాఫ్టులు రెండున్న) ఇంజన్లలో గ్యాస్కెట్ లోపలివైపు పోయేది. మండిన గ్యాస్ కూలెంట్‌లోకి చొరబడి, హైవే మీద ఉన్నట్టుండి ఇంజన్ వేడెక్కేది. 2000 తర్వాత వచ్చిన సింగిల్ క్యామ్ ఇంజన్లలో బయటికి కారుతుంది. సిలిండర్లు పడుకుని ఉండే ఇంజన్ కాబట్టి నూనె, కూలెంట్ ఎప్పుడూ గ్యాస్కెట్ కింది అంచు దగ్గరే నిలుస్తాయి. చెమ్మ మొదలయ్యేదీ అక్కడే. బాగు చేయించాల్సి వస్తే టర్బో ఇంజన్లకి వాడే పలు పొరల స్టీల్ గ్యాస్కెట్ వెయ్యమని అడగండి, హెడ్‌లని సమతలంగా చెక్కించమనండి. పాత రకం గ్యాస్కెట్ మళ్ళీ వేస్తే మళ్ళీ అదే పని.

ఎఫ్‌బీ25కి గ్యాస్కెట్ బాధ చాలావరకు తీరింది కానీ, మొదటి ఏళ్ళ బండ్లు నూనె తాగుతాయి. 2011-14 ఫారెస్టర్, 2013 ఔట్‌బ్యాక్, లెగసీ, 2012-13 ఇంప్రెజా, 2013 క్రాస్‌ట్రెక్ (ఈ చివరి రెండింటిలో ఉన్నది అదే ఎఫ్‌బీ కుటుంబపు 2.0 లీటర్ల ఇంజన్) యజమానులు దీని మీద కోర్టుకి వెళ్ళారు. 2016లో జరిగిన సెటిల్‌మెంట్‌తో ఆ బండ్లకి వారంటీ 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళకి పెంచారు. ఆ గడువు ఇప్పుడు ముగిసింది కాబట్టి ఖర్చు మీదే.

డబ్బు పెట్రోలుకి పోయినా ఫర్వాలేదు, మెకానిక్‌కి పోకూడదు అనుకునేవాళ్ళు 2010-14 ఔట్‌బ్యాక్ 3.6ఆర్ వెతకండి. ఆరు సిలిండర్లు, టైమింగ్ చెయిన్, సీవీటీ (విడి గేర్లు లేకుండా నిష్పత్తి నిరంతరం మారే ఆటోమేటిక్ గేర్‌బాక్స్) కాకుండా అయిదు గేర్ల మామూలు ఆటోమేటిక్. ఈ కంపెనీ పాత బండ్లలో ఇంతకన్నా నిశ్చింతైనది అరుదు. 2015 నుంచి ఈ ఇంజన్‌కీ సీవీటీ తగిలించారు, ఆ ఏడాది తేడా మరిచిపోవద్దు.

బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు

అమ్మేవాళ్ళకి ముందే చెప్పండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఏదో దాచే ప్రయత్నం కావచ్చు, కాకపోనూవచ్చు. ఇంకోరోజు పొద్దున్నే వస్తానని చెప్పడం మేలు.

డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్ళీ పెట్టి తియ్యండి. రెండు వైపులా నూనె మట్టం వేరువేరుగా కనిపిస్తే తక్కువ ఉన్న వైపే లెక్క. ఎఫ్‌బీ ఇంజన్‌లో మట్టం కింది గీత దగ్గర ఉండి, నూనె మార్చి రెండు వేల మైళ్ళే అయిందని స్టిక్కర్ చెబుతుంటే ఆ ఇంజన్ నూనె తాగుతోందని అర్థం. రెండు గీతల మధ్య దూరం సుమారు 1 క్వార్టు (లీటరుకి కాస్త తక్కువ).

కూలెంట్ డబ్బా మూత తీసి వాసన చూడండి. పొగగొట్టం వాసన వచ్చినా, డబ్బా గోడలకి నల్లటి మడ్డి పట్టినా ఆ బండి వదిలెయ్యండి. అనుమానం మిగిలితే విడిభాగాల దుకాణంలో దొరికే నీలం ద్రవం పరీక్ష ఉంది. కూలెంట్ పైనుంచి వచ్చే గాలిని ఆ ద్రవం గుండా పీల్చాలి. నీలం పసుపైతే మండిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తున్నట్టే.

తర్వాత టార్చి పట్టుకుని కిందకి దూరండి. హెడ్, బ్లాక్ కలిసే సన్నటి గీత కింది అంచు వెంబడి రెండు వైపులా చూడాలి. పొడి దుమ్ము ఉంటే మంచిది. తడిగా, జిడ్డుగా ఉన్నా, ఎండిన కూలెంట్ ఉప్పులా పేరుకున్నా కారుతున్నట్టు. ఇక్కడ చాలామంది పొరపడతారు: పైనున్న వాల్వ్ కవర్ గ్యాస్కెట్ నుంచి కారిన నూనె కూడా ఇక్కడికే దిగుతుంది, అది చవకలో పోయే పని. అందుకే తడి ఎక్కడ మొదలైందో పైదాకా వెతకండి. తేలకపోతే గుడ్డతో శుభ్రంగా తుడిచి, టెస్ట్ డ్రైవ్ అయ్యాక మళ్ళీ చూడండి. పనిలో పని, ముందు యాక్సిల్ లోపలి రబ్బరు బూట్లు చూడండి. కుడివైపుది ఎగ్జాస్ట్ పక్కనే ఉండి వేడికి పగులుతుంది. గ్రీజు ఎగ్జాస్ట్ మీద పడి మాడిన వాసన వస్తుంటే ఇంజన్ కాలిపోతోందని భయపడేవాళ్ళున్నారు.

కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే ఇరవై డాలర్ల ఓబీడీ రీడర్ ఒకటి జేబులో ఉండాలి. కోడ్‌లు లేవని సంతోషించకండి, "రెడీనెస్" పేజీ తెరవండి. మానిటర్లు (కారు తనంతట తాను చేసుకునే పరీక్షలు) చాలావరకు పూర్తికానట్టు చూపిస్తే నిన్నో మొన్నో ఎవరో కోడ్‌లు చెరిపేశారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. పీ2764 కోడ్ కనిపిస్తే అది టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) లాకప్ సోలెనాయిడ్ గురించి; లాకప్ అంటే ఆ భాగాన్ని నేరుగా బిగించే క్లచ్. సీవీటీ బండ్లలో ఇది తరచూ వాల్వ్ బాడీ (గేర్‌బాక్స్‌లో నూనె ఒత్తిడిని మళ్ళించే భాగం) మార్చే దాకా వెళుతుంది. ఇంకో మాట. చెక్ ఇంజన్ దీపం వెలగగానే క్రూజ్ దీపం కూడా మిణుకుమిణుకుమనడం సుబారుల్లో మామూలే. అన్నీ ఒకేసారి పాడయ్యాయనుకోవద్దు, కోడ్ చదివితే కారణం ఒక్కటే తేలుతుంది.

టెస్ట్ డ్రైవ్ వీధి చుట్టూ అయిదు నిమిషాలు తిప్పితే చాలదు. సీవీటీ జబ్బు వేడెక్కాకే బయటపడుతుంది, కనీసం అరగంట నడపండి. 2010-12 బండ్లలో ముఖ్యంగా, 20 మైళ్ళ వేగం నుంచి మెల్లగా ఆపుతుంటే ఇంజన్ గిజగిజలాడి ఆగిపోబోతే టార్క్ కన్వర్టర్ లాకప్ వదలడం లేదు. హైవే మీద గుయ్‌మనే మోత వస్తే స్టీరింగ్ కొంచెం అటూ ఇటూ తిప్పండి. మోత మారితే చక్రం బేరింగ్, కొన్ని వందల డాలర్లు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడూ వదిలినప్పుడూ మాత్రమే మారితే అనుమానం గేర్‌బాక్స్ మీద, అది వేల డాలర్లు. చివర్లో ఖాళీ పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడక వేగంతో రెండు వైపులా గుండ్రంగా తిరగండి. బండి గెంతినట్టు, బ్రేక్ పట్టినట్టు ఉంటే ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే మధ్యలోని క్లచ్ పలకలు బిగుసుకుంటున్నాయి.

సీవీటీ నూనె

అమెరికాలో చాలాకాలం దీన్ని మార్చక్కర్లేదన్నట్టే చెప్పారు. అలా నమ్మి లక్షా యాభై వేల మైళ్ళు అదే నూనెతో నడిపినవాళ్ళున్నారు, గేర్‌బాక్స్ మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు. 2010-15 సీవీటీ బండ్లకి కంపెనీయే వారంటీని 10 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళకి పెంచాల్సి వచ్చింది. ట్రైలర్ లాగేవాళ్ళు 25 వేల మైళ్ళకే మార్చాలని వాళ్ళ షెడ్యూలే చెబుతుంది. మామూలు వాడకానికి 60 వేల మైళ్ళు సరైన అంకె అని మా లెక్క.

నూనె రకం తప్పకూడదు. చిన్న సీవీటీ టీఆర్580, పెద్దది టీఆర్690. రెండింటికీ వేరే నూనెలు. మీ బండి మాన్యువల్‌లో రాసిన పేరే సీసా మీద ఉండాలి. "అన్ని సీవీటీలకీ పనికొస్తుంది" అనే సీసాలు పక్కన పెట్టండి.

కారిన నూనెని గీతలున్న గిన్నెలో పట్టి కొలవండి, అంతే కొత్తది పొయ్యండి. ఒకసారి వదిలితే మొత్తంలో సగం లోపే వస్తుంది, అది సహజం. అసలు సంగతి మట్టం చూడ్డం. బండి నాలుగు వైపులా సమంగా లేపి ఉండాలి. ఇంజన్ నడుస్తుండగా, బ్రేక్ మీద కాలు పెట్టి, లీవర్‌ని ఒక్కో స్థానంలో కొన్ని సెకన్లు ఆపుతూ మొత్తం తిప్పి పార్క్‌కి తేవాలి. ఓబీడీ రీడర్‌లో సీవీటీ నూనె వేడి 35 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు ఓవర్‌ఫ్లో ప్లగ్ తియ్యాలి. సన్నటి ధార వచ్చి బొట్లుగా మారితే మట్టం సరి, వెంటనే బిగించెయ్యండి. బొట్టు కూడా రాకపోతే ఇంకా పొయ్యాలి. 60 డిగ్రీల దగ్గర తీస్తే వ్యాకోచించిన నూనె కారిపోయి, చల్లారాక లోపల తక్కువవుతుంది. చల్లటి బండి మీద చూస్తే ఎక్కువ పోసేస్తారు.

తప్పు ప్లగ్

వేగంగా నూనె మార్చే దుకాణాల్లో జరిగే ఈ పొరపాటు వల్ల మంచి గేర్‌బాక్స్‌లు పోతున్నాయి. కింద నుంచి చూస్తే ఇంజన్ సంపు (నూనె నిలిచే తొట్టి) ముందువైపు ఉంటుంది. దాని వెనకాల గేర్‌బాక్స్ కింద ఇంకా ప్లగ్‌లుంటాయి: ఒకటి ముందు డిఫరెన్షియల్‌ది (ఎడమ, కుడి చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె), ఇంకోటి సీవీటీది. తెలియని కుర్రాడు వెనక ప్లగ్ విప్పి సీవీటీ నూనె వదిలేసి, పైనుంచి ఇంజన్‌లో అయిదు క్వార్టులు పోస్తాడు. ఇంజన్‌లో నూనె రెండింతలు, గేర్‌బాక్స్‌లో నూనె లేదు.

కారే నూనె రంగూ వాసనా చెప్పేస్తాయి. ఇంజన్ నూనె గోధుమ నుంచి నలుపు. సీవీటీ నూనె పలుచగా, చాలా బండ్లలో ఆకుపచ్చగా ఉంటుంది. డిఫరెన్షియల్ నూనె చిక్కగా, కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. దుకాణంలో చేయిస్తే బయల్దేరకముందు డిప్‌స్టిక్ మీరే తీసి చూడండి. పై గీత దాటి చాలా ఎత్తున ఉంటే ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా అక్కడే నిలదియ్యండి.

డిఫరెన్షియల్ నూనెలు ఇంట్లోనే మార్చుకోవచ్చు, 30 వేల మైళ్ళకోసారి, 75డబ్ల్యూ-90 జీఎల్-5 గ్రేడు గేర్ నూనెతో. వెనకదానికి 0.8 క్వార్టు, ముందుదానికి క్వార్టున్నర లోపు పడుతుంది. వెనక ప్లగ్‌లు చాలా మోడళ్ళలో అర అంగుళం రాచెట్ చతురస్రం నేరుగా దూరేవి, ముందు డ్రెయిన్ ప్లగ్‌కి టీ70 టార్క్స్ (నక్షత్రం ఆకారపు) బిట్ కావాలి. ముందుగా పోసే ప్లగ్ విప్పుకోండి, తర్వాతే వదిలే ప్లగ్. పోసేది తుప్పు పట్టి రాకపోతే, ఖాళీ డిఫరెన్షియల్‌తో బండి కదలకుండా పడుంటుంది. అయస్కాంతం మీద కాటుకలాంటి బూడిదరంగు ముద్ద ఉంటే మామూలే. వేలికి గుచ్చుకునే రేకులు కనిపిస్తే పళ్ళు ఊడుతున్నాయి.

ఈజే25 ఉన్నవాళ్ళకి లక్షా 5 వేల మైళ్ళు లేదా 105 నెలల దగ్గర టైమింగ్ బెల్ట్. బిల్లు చూపించకపోతే మార్చలేదనే అనుకోండి. బెల్ట్ ఒక్కటే మార్చడం పిసినారితనం: ఐడ్లర్ల (బెల్ట్‌ని దారిలో నడిపే చక్రాల) బేరింగ్ బిగుసుకున్నా బెల్ట్ తెగుతుంది, తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని వంగుతాయి. ఐడ్లర్లు, టెన్షనర్, వాటర్ పంప్ అన్నీ ఒకే కిట్‌లో వస్తాయి. విప్పినప్పుడే ఆయిల్ పంప్ వెనక పలక స్క్రూలు బిగించమనండి, అవి వదులై అక్కడ కారడం తెలిసిన సంగతే.

నాలుగు టైర్లు

మేకు గుచ్చుకుని ఒక టైరు పోయిందనుకోండి. మిగతా మూడింటికి ట్రెడ్ 6/32 అంగుళాలుంది, కొత్తదానికి 10/32. తేడా 4/32, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు. చూపుకి ఆనదు. కానీ వ్యాసార్థంలో 3 మిల్లీమీటర్లంటే చుట్టుకొలతలో దాదాపు 20. చుట్టుకొలతలో కంపెనీ ఒప్పుకునే తేడా పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. 225/60ఆర్17 టైరు మైలుకి 730 చుట్లు తిరుగుతుంది, ఆ కొత్త టైరు ఆరేడు చుట్లు తక్కువ తిరుగుతుంది. ఈ తేడాని సర్దేది గేర్‌బాక్స్ వెనకనున్న క్లచ్ పలకలు. అవి ప్రతి మైలూ కొంచెం జారుతూ, వేడెక్కుతూ అరిగిపోతాయి.

కాబట్టి నాలుగూ ఒకే బ్రాండు, ఒకే మోడలు, ఒకే సైజు. 6 వేల మైళ్ళకోసారి నూనె మార్చినప్పుడే స్థానాలు మార్చండి. ఒకటే పోతే కొత్త టైరుని మిగతావాటి మట్టానికి చెక్కి ఇచ్చే టైరు దుకాణాలున్నాయి, నాలుగు కొనడం కన్నా చవక. స్టెప్నీతో టైరు దుకాణం దాకా మాత్రమే వెళ్ళండి, మెల్లగా. పాత నాలుగు గేర్ల ఆటోమేటిక్ బండ్లలో బానెట్ కింద ఎఫ్‌డబ్ల్యూడీ అని రాసిన ఫ్యూజు స్థానం ఉంటుంది. అందులో ఫ్యూజు పెట్టి, స్టెప్నీని వెనక చక్రానికి బిగిస్తే క్లచ్ మీద భారం పడదు. సీవీటీ బండ్లలో ఆ వెసులుబాటు లేదు.

బండి ఆగిపోయి టో ట్రక్కు పిలవాల్సి వస్తే ఫోన్‌లోనే "ఫ్లాట్‌బెడ్ పంపండి" అని చెప్పండి. రెండు చక్రాలు ఎత్తి రెండు నేల మీద ఈడ్చే ట్రక్కు వస్తే తిప్పి పంపెయ్యండి, గంట ఆలస్యమైనా సరే.