కెనాన్ ఆర్50 కెమెరా కొనాలా, సోనీ జెడ్‌వీ-ఈ10 కొనాలా: తేల్చుకునే ముందు జాగ్రత్తలు

- రెండింటిలోనూ 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ (మధ్యరకం సైజు) సెన్సరే. ఆ అంకె పక్కన పెట్టేయండి.

- లెన్సుల ధర కలిపి లెక్కేయండి. అసలు తేడా ఇక్కడే. లెన్సు బిగించే సోనీ అమరిక అయిన ఈ-మౌంట్‌కి సిగ్మా, టామ్రాన్ అనే వేరే కంపెనీల లెన్సులు ఏళ్లుగా ఉన్నాయి, సెకండ్ హ్యాండ్‌లోనూ దొరుకుతాయి. కెనాన్ అమరిక ఆర్‌ఎఫ్‌కి ఆ కంపెనీల ఏపీఎస్-సీ లెన్సులు 2024లో గానీ రాలేదు. బాడీ చవగ్గా దొరికిందని మురిసిపోతే లెన్సు దగ్గర జేబు ఖాళీ.

- సోనీకి వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) లేదు. పగటి ఊరేగింపులు తీసేవాళ్లు కెమెరాను షాపు బయటికి తెచ్చి, ఎండలో స్క్రీన్ కనిపిస్తుందో లేదో చూడాల్సిందే.

- 4కే వీడియో సెకనుకు 30 ఫ్రేముల్లో తీస్తే సోనీ దృశ్యం అంచులు కోసేస్తుంది, కెనాన్ కొయ్యదు. కానీ కెనాన్‌కి హెడ్‌ఫోన్ జాక్ లేదు. ఇంటర్వ్యూలు తీసేవాళ్లకు ఇది పెద్ద లోటే.

- బాడీలో స్టెబిలైజేషన్ (సెన్సరును కదిపి చేతి వణుకు తగ్గించే ఏర్పాటు) రెండింటికీ లేదు. ఆ పని లెన్సే చేయాలి, కాబట్టి దాని మీద ఐఎస్ (కెనాన్) లేదా ఓఎస్ఎస్ (సోనీ) అని ఉందేమో చూడండి.

- బిల్లు, ఇండియా వారంటీ అడగండి.