గనుల మీద పోరాడే ఊళ్లకు బెజవాడ నుంచి ఎలా తోడుండాలి

గవర్నర్‌పేటలో నాది డీటీపీ, జిరాక్స్ షాపు. గనుల గొడవల మీద మన్యం నుంచి, పల్నాడు నుంచి వచ్చేవాళ్లకు అర్జీలు టైపు చేసిపెడుతుంటాను. "మేమేం చేయగలం అక్కా?" అని అడిగే పట్నం పిల్లలూ వస్తుంటారు. ఇది వాళ్ల కోసం.

అర్జీ మొదలుపెట్టే ముందు ఆ ఊరు రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద ప్రకటించిన గిరిజన ప్రాంతంలో ఉందో లేదో తేల్చుకోండి. అనంతగిరి, చింతపల్లి లాంటి చోట్ల భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా ఆపే 1/70 చట్టం ఉంది. బొర్రా దగ్గరి లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పూ ఉంది. షెడ్యూల్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదని ఆ తీర్పు. గుంటూరు జిల్లాలో క్వారీల పక్కన బతికే యానాదులు, ఎరుకలు కూడా ఎస్టీలే. కానీ వాళ్ల ఊళ్లు షెడ్యూల్‌లో లేవు కాబట్టి 1/70 వాళ్లకు వర్తించదు. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. అడవి మీద ఆధారపడే చెంచులకు మాత్రం 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్ బయట కూడా పనికొస్తుంది. ఏ ఊరికి ఏ చట్టమో సరిచూడకుండా రాస్తే అర్జీ అక్కడే ఆగిపోతుంది.

గని కావాలా వద్దా అన్నది ఆ ఊరివాళ్లే తేల్చుకోవాలి. 2013లో సుప్రీంకోర్టు మాట మీద ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ గని గురించి పన్నెండు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. కొండ తమకు దేవుడని అక్కడి ఆదివాసీలు డోంగ్రియా కోందులు తమ మాటల్లోనే చెప్పారు. మనం ఇంట్లో కూర్చుని రాసిన తీర్మానాన్ని పట్టుకెళ్లి సంతకాలు పెట్టించకూడదు. అటవీ హక్కుల గ్రామసభకైతే కోరం, అంటే కనీస హాజరు, చూసుకోమని చెప్పండి. సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. మినిట్స్ పుస్తకంలో వేలిముద్రలు పడగానే ఆ పేజీలను ఫోటో తీసి పెట్టుకోవాలి.

మన సాయం ఎక్కువగా అక్కరకొచ్చేది గనికి పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణ దగ్గర. దానికి కనీసం ముప్పై రోజుల ముందు పేపర్లో నోటీసు వేయాలి. పర్యావరణ నివేదిక ముసాయిదా కలెక్టరేట్‌లో చూడటానికి ఉంటుంది, సారాంశం తెలుగులో కూడా ఉండాలి. కానీ ఆ తెలుగు చదివితే నాకే తల తిరుగుతుంది. మీరు కూర్చుని దాన్ని మామూలుగా మాట్లాడే తెలుగులోకి మార్చండి. ఏ వాగు నీళ్లు తోడతారు, లారీలు ఏ దారిన పోతాయి, మట్టి ఎక్కడ పోస్తారు, ఈ మూడూ ముందు వెతకండి. తర్వాత ఊరి కుర్రాళ్ల చేత వాళ్ల భాషలో, కువిలోనో ఆదివాసీ ఒరియాలోనో చెప్పించి, రికార్డు చేసి ఫోన్లలో పంపండి. రాతపూర్వక అభ్యంతరాలు కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వాలి. దాని ప్రధాన కార్యాలయం ఇక్కడే, కస్తూరిబాయిపేటలో ఉంది. ఇచ్చిన ప్రతిదానికీ ముద్ర వేయించుకున్న కాపీ ఒకటి మీ దగ్గర, ఒకటి ఊళ్లో ఉండాలి. సేకరణ రోజు చివర్లో మినిట్స్ అందరికీ వినపడేలా తెలుగులో చదవాలి. బస్సు పోతుందన్న టెన్షన్‌లో జనం అంతకుముందే లేచిపోతారు. వాళ్లకు తిరుగు బండి మాట్లాడి పెట్టండి. చదివినదాంట్లో తాము చెప్పింది లేకపోతే అక్కడే లేచి అడగమనండి.

ఊరివాళ్లు అలంకార్ సెంటర్ ధర్నాచౌక్‌కి వచ్చినా, గాంధీనగర్‌లో ప్రెస్‌మీట్ పెట్టినా మైకు వాళ్ల చేతిలోనే ఉండాలి. పక్కన తర్జుమా చేసే మనిషిని కూర్చోబెట్టండి. పేరు, ఫోటో బయటికి ఇవ్వవచ్చా అని ఒక్కొక్కరినీ అడగండి, కేసులు పడేది వాళ్ల మీదే. రాత్రి బండి దిగిన ఆడవాళ్లకు స్నానానికి చోటు, వేడి అన్నం ముందే చూడండి. బ్యానర్ తర్వాత రాసుకోవచ్చు.

ఇంత చేసినా పర్యావరణ అనుమతి వచ్చేస్తే పర్యావరణ కేసులు వినే, చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలుకు వెళ్లాలి. గడువు ముప్పై రోజులే. ఆలస్యానికి సరైన కారణం చూపితే ఇంకో అరవై రోజుల దాకా ఒప్పుకోవచ్చు, కానీ దాన్ని నమ్ముకోవద్దు. అనుమతి కాపీ కనపడిన రోజే వకీలుకు ఫోన్ చేసి, ముద్రలున్న ఫైలు పంపండి.